జవాబు దారిలో ఉంది

నయీముద్దీన్‌కు ఎదుటి మనిషి ప్రశ్న ముగించేదాకా ఆగే ఓపిక ఉండేది కాదు. షహజాదీ "అన్నం..." అని నోరు తెరవగానే "పెట్టు" అనేవాడు. "అమ్మీకి మందులు..." అంటే చాలు, "తెచ్చిన, అల్మారీల ఉన్నయి" అని తేల్చేసేవాడు. పెళ్లయిన కొత్తలో ఆమెకది మోటుతనంగా తోచింది. తర్వాత అలవాటైంది. పోనుపోను ఎవరైనా నిదానంగా ఆలోచించి జవాబు చెబితే, వీళ్లేదో దాస్తున్నారని అనుమానపడేదాకా వచ్చింది.

అందుకే, కువైట్ పోయాక అతను మొదటిసారి ఫోన్ చేసిన రోజు ఆమె సంబరంగా వెళ్లి, మనసు పాడుచేసుకుని తిరిగి వచ్చింది.

వాళ్లది వరంగల్ చార్‌బౌళిలో ఒక ఇరుకు గల్లీ. రెండు గదుల ఇల్లు, పైన రేకులు. ఇంట్లో షహజాదీ, అత్త సుల్తానా బేగం, మూడేళ్ల కూతురు మున్నీ. నయీముద్దీన్ సెంట్రింగు పని చేసేవాడు. స్లాబు పోసేముందు కింద కర్రలు నిలబెట్టి, మీద చెక్కలు పరిచే పని. ఎనభై మూడులో వానలు తగ్గుముఖం పట్టాక, పరకాలకు చెందిన ఖాజా పాషా అనే స్నేహితుడితో కలిసి రెండేళ్ల ఒప్పందం మీద కువైట్ వెళ్లాడు. అక్కడా అదే పని. కాకపోతే ఇక్కడ రెండంతస్తులైతే అక్కడ ఇరవై.

గల్లీ మొత్తానికి ఫోన్ ఉన్నది రాజేశ్వర్ రావు ఇంట్లోనే. ఆయనకు కేసముద్రం మార్కెట్లో రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉంది. పొద్దున లేస్తే పత్తి ధర, మిర్చి ధర తెలుసుకోవడానికి ఆయనకు ఫోన్ కావాలి. మనిషి మంచివాడు. "ఆడబిడ్డ మొగనితోని మాట్లాడుకుంటది, మనదేం పోయింది" అని నెంబరు ఇవ్వనిచ్చాడు. నెలలో మొదటి శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక, షహజాదీ అత్తనూ కూతురినీ తీసుకుని ఆ ఇంటి ముందుగదిలో, గోడవారగా కూర్చునేది. నల్లటి ఫోన్ మీద అల్లిక గుడ్డ కప్పి ఉండేది. గంట మోగితే రాజేశ్వర్ రావే ఎత్తి, ఎక్స్ఛేంజీ అమ్మాయి చెప్పింది విని, "నీదేనమ్మా" అని రిసీవరు అందించేవాడు.

"మంచిగున్నరా?" అని అడిగింది ఆమె మొదటిసారి.

అవతల ఏమీ లేదు. సన్నగా గాలి వీచిన చప్పుడు. ఆ తర్వాత, "మంచిగనే ఉన్న."

"తిండి సక్కగ దొరుకుతాందా?"

మళ్లీ అదే ఖాళీ. "దొరుకుతాంది."

"పని కష్టమా?"

ఖాళీ. "కష్టమేం లేదు."

ఆమె ఇంకో మాట మొదలుపెట్టేసరికి అతను కూడా ఏదో మొదలుపెట్టాడు. రెండు గొంతులూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఇద్దరూ ఆగారు. ఎవరు మాట్లాడాలో తెలియక ఇద్దరూ ఊరుకున్నారు. కాల్‌కు ఉన్న మూడు నిమిషాల్లో సగం ఆ ఊరుకోవడంలోనే పోయింది.

ఇంటికి వచ్చి, గల్లీవాళ్ల బట్టలు కుట్టే మిషను ముందు కూర్చుంది కానీ కాలు ఆడలేదు. అడిగిన ప్రతి మాటకూ ఆలోచించి జవాబు చెప్పాడు. నయీముద్దీన్! నోట్లో మాట ఆగని మనిషి! తిన్నావా అంటే కూడా ఆలోచించాల్సినంత ఏముంది?

మట్వాడలో ఒకతను దుబాయ్‌లో ఇంకో సంసారం పెట్టాడని గల్లీలో ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు. నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడ్డప్పుడల్లా షహజాదీకి ఆ మాటలే చెవిన పడేవి. అంతకుముందు కూడా చెప్పుకునే ఉంటారు, అప్పుడు ఆమె పట్టించుకోలేదు.

రెండో నెలా అంతే. మూడో నెలా అంతే. సుల్తానా బేగంకు మాత్రం ఏ తేడా తెలియలేదు. ఆమెకు ఒక చెవి సరిగా వినపడదు. ఫోన్ అందుకుంటే కొడుకు ఏమంటున్నాడో వినకుండా తాను చెప్పాల్సింది గుక్క తిప్పుకోకుండా చెప్పేసి రిసీవరు కోడలికి ఇచ్చేది.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒక శుక్రవారం షహజాదీ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పుర్రి. అడిగిన ప్రతిదానికి ఎందుకు సోంచాయించి చెప్తానరు?"

ఖాళీ.

"సోంచాయించుడేంది? నేనేం సోంచాయిస్తలేను. నువ్వే సోంచాయిస్తానవ్!"

"నేనా?"

"ఆ, నువ్వే. అమ్మీకి మందులు తెస్తానవా అని పోయిన నెల అడిగితే ఎంతసేపు ఆగినవ్? తెస్తలేవని అప్పుడే సమజైంది నాకు. ఇంట్ల ఏం జరుగుతాంది?"

"అల్లా! మీరు అక్కడ ఎవరితోనో ఉండి, నన్నంటానరా?"

ముందుగదిలో అందరూ ఉన్నారు. రాజేశ్వర్ రావు లేచి బయట అరుగు మీదికి వెళ్లిపోయాడు. షహజాదీ ఏడుస్తూ అరుస్తోంది. అవతల అతనూ అరుస్తున్నాడు. ఒకరి అరుపు ఒకరికి ఆలస్యంగా చేరి, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అంతలో లైను కట్టయింది.

తర్వాతి నెల ఫోన్ రాలేదు. ఆ పై నెలా రాలేదు.

రాజేశ్వర్ రావు కోడలు భారతి హనుమకొండ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. డ్యూటీలు మారుతూ ఉండడం వల్ల ఆమె ఎప్పుడు ఇంట్లో ఉండేదో ఎప్పుడు ఉండేది కాదో షహజాదీకి తెలిసేది కాదు. ఆ గొడవ రోజు ఆమె వంటింట్లో ఉంది. ఒక మధ్యాహ్నం బ్లౌజు కుట్టించుకునే వంకతో షహజాదీ ఇంటికి వచ్చి, మిషను పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఆ దినం నీ మాటలు విన్న షహజాదీ. వినొద్దనుకున్న, గని గంత గట్టిగ ఒర్రుతాంటే చెవులేడ మూసుకోను. ఇంతకు ఏందే గొడవ?"

షహజాదీ చెప్పింది. చెబుతుంటే సిగ్గేసింది. బయటికి చెప్పేసరికి అది చాలా చిన్న సంగతిలా వినిపించింది. అడిగితే ఆగి చెబుతాడు, అంతే.

భారతి నవ్వలేదు. "ప్రతి మాటకు ఆగుతాండా? ఒక్కదానికి ఎక్కువ, ఒక్కదానికి తక్కువ కాకుండ?"

"ప్రతిదానికి అక్కా. తిన్నరా అంటే గూడ."

"పిచ్చిదానా, ఆగేది ఆయన కాదు. ఆయన మాట రావద్దా? అది ఎంత దూరం తిరిగొస్తాందో నీకు ఎర్కనా?"

"హైద్రాబాద్‌ల ఉన్న మా తమ్మునితోని మాట్లాడితే గిట్ల లేదు కదక్కా. అడుగంగనే చెప్పిండు."

"చెప్తడు. హైద్రాబాద్‌కు నువ్వు నోటితోని పిలిచి, నీ పిలుపు పోయేటంత జోరు నీకున్నదనుకో, అది నడిసి నడిసి ఏడు నిమిషాలకు చేరుతది. ఫోన్‌ల పోయేది నీ గొంతు కాదు. నీ గొంతు ఇక్కడ కరెంటయితది, అక్కడ మళ్ల గొంతయితది. నడుమ తీగల పోయేది ఒక తోపు."

"తోపా?"

"మీ నల్లా చూడు. పొద్దుగాల నీళ్లు ఇడిసినప్పుడు మొదలు గాలొస్తది, బుసబుసమంటది, నీళ్లు మెల్లగొస్తయి. ఎందుకు? పైపు ఖాళీ ఉంటది. అదే పైపు నిండుగున్నంక నల్లా తిప్పు. తిప్పంగనే పడ్తయి. ట్యాంకు కాడి నీళ్లు గప్పుడే ఉరికొచ్చినయా? రాలే. అక్కడ ఒత్తిడి, ఇక్కడ నీ ముంగట ఉన్న నీళ్లే బయటికొస్తయి. తీగ గూడ గంతే. ఎప్పటికి నిండుగనే ఉంటది. తీగల ఉన్నది చీమంత గూడ నడువది. ఆ తోపు మాత్రం వెలుతురు ఉరికినట్టు ఉరుకుతది. హైద్రాబాద్ దానికి లెక్కనే కాదు. నువ్వు రెప్ప కొట్టేలోపు ఎన్నోసార్లు పోయొస్తది."

షహజాదీ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "మరి కువైట్?"

"కువైట్ కాల్ తీగ మీద పోదు. బొంబాయి ఇవతల ఆకాశం దిక్కు తెరిసిపెట్టిన పెద్ద గొడుగసొంటిది ఉంటది. అది నీ మాటను మీదికి ఇసుర్తది. మీద సాటిలైటు ఉంటది. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల మీద! అది పట్టుకోని కువైట్ దిక్కు కిందికి ఇసుర్తది. జోరు గదే వెలుతురు జోరు. కానీ దూరం చూడు. మీదికి పోయి కిందికి దిగెటాలకు పావు సెకను. నీ మాట పోను పావు, ఆయన మాట రాను పావు. గా అర సెకను ఆయనది కాదు షహజాదీ. ఆకాశానిది."

షహజాదీ చేతిలో గుడ్డను మిషను మీద పెట్టింది. తర్వాత, "మరి నా మాట గూడ ఆయనకు గట్లనే..." అంది.

"గట్లనే. నువ్వు సోంచాయిస్తానవని ఆయన అనుకుంటాండు."

ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆ రాత్రి సంగతంతా ఉర్దూలో రాసి, పొద్దున్నే పోస్టు చేసింది.

తర్వాతి నెల మొదటి శుక్రవారం ఫోన్ మోగింది. అవతల నయీముద్దీన్ నవ్వుతున్నాడు. "ఆకాశం మన నడుమ లొల్లి పెట్టిందా? ఖాజాకు చెప్తే వాడు గంటసేపు నవ్విండు." అప్పటి నుంచి ఒక ఒప్పందం పెట్టుకున్నారు. ఎవరి మాట వాళ్లు చెప్పి, చివర "అయ్యింది" అనాలి. అది వినేదాకా రెండోవాళ్లు ఆగాలి. "మున్నీకి అంగీ కుట్టిన, అయ్యింది." "ఏం రంగు, అయ్యింది." "గులాబి, అయ్యింది." మూడు నిమిషాల్లో ఆ మాటే పదిసార్లు వచ్చేది. రాజేశ్వర్ రావు అరుగు మీద కూర్చుని తనలో తాను నవ్వుకునేవాడు. మున్నీ ఇంట్లో అన్నం తిన్నాక కూడా "అయ్యింది" అని పెద్దగా అరిచేది.

ఆ చలికాలమంతా షహజాదీ బాగుంది. నల్లా దగ్గర దుబాయ్ కాపురాల కథలు వచ్చినప్పుడు, "గట్ల అనుమానపడొద్దు, సాటిలైటు ఉంటది" అని మొదలుపెట్టి అందరికీ చెప్పేది. అత్తకు చెప్పబోతే సుల్తానా బేగం వక్క నములుతూ విని, "ఆకాశంల ఏమున్నదో నాకెందుకు, నా కొడుకు గొంతు నాకినపడితే సాలు" అంది.

ఎనభై అయిదు మార్చిలో మొదటి శుక్రవారం ఫోన్ రాలేదు. పని ఎక్కువై ఉంటుందనుకున్నారు. తర్వాతి వారం, మంగళవారం మిట్టమధ్యాహ్నం, రాజేశ్వర్ రావు స్వయంగా గల్లీలోకి వచ్చి కేకేశాడు. షహజాదీ సూది గుడ్డలోనే వదిలి, చెప్పులు లేకుండా పరిగెత్తింది. వెనక సుల్తానా బేగం మున్నీ చేయి పట్టుకుని వచ్చింది.

"మంగళారం చేసినరేంది? అయ్యింది."

ఖాళీ. "ఊకెనే. చేయబుద్ధయింది." అతను "అయ్యింది" అనలేదు.

"గొంతు గట్లున్నదేంది?"

"జలుబు."

వెనక ఏదో ఇనుప చక్రాల బండి దొర్లుకుంటూ పోయిన చప్పుడు. ఒక ఆడగొంతు ఏదో తెలియని భాషలో ఎవరినో పిలిచింది.

"ఎక్కడికెల్లి మాట్లాడుతానరు?"

ఈసారి గాలి చప్పుడు కాస్త ఎక్కువసేపు వినిపించింది. "కంపెనీ ఆఫీసుల నుంచి."

ఆకాశం, అనుకుంది షహజాదీ. అనుమానం తల ఎత్తే లోపలే దాన్ని తొక్కేసింది. ఒకసారి అలా అనుమానించే కదా రెండు నెలలు అతని గొంతు పోగొట్టుకుంది.

సుల్తానా బేగం రిసీవరు లాక్కుంది. ఎప్పుడూ లేనిది, ఈసారి ఆమె ఏమీ చెప్పలేదు. మంచి చెవికి ఆనించుకుని వింది. తర్వాత, "నయీమూ, పండుకోని మాట్లాడుతానవారా?" అని అడిగింది.

అవతల ఏమన్నాడో, "గట్లనా" అని కోడలికి ఇచ్చేసింది. అప్పటికే లైను పోయింది.

సుల్తానా బేగం ఇంటిదాకా మున్నీ చేయి గట్టిగా పట్టుకుని నడిచింది. గడప దాటాక అంది, "వాడు పండుకోని మాట్లాడుతాండు. చిన్నప్పుడు జరమొస్తే మంచంల పండి గట్లనే మాట్లాడేటోడు. మాట గొంతులకెల్లి రాదు, పైపైన వస్తది."

"జలుబన్నడు కదా అమ్మీ."

"జలుబు కాదు. లేదమ్మీ అననీకి ఎంతసేపు చేసిండో నీకేం ఎర్క?"

"అది ఆయన చేసింది కాదు, ఎన్నిసార్లు చెప్పాలె! మాట ఆకాశంలకు పోయి రావాలె. నీకు సమజ్ కాదు, ఊకో."

అలా అన్నందుకు ఆమెకు అప్పుడే కొంచెం గర్వంగా కూడా ఉంది. తనకు తెలిసిన సంగతి అత్తకు తెలియదు.

ఇంకో ఫోన్ ఏప్రిల్ నెలాఖరులో వచ్చింది. అతను తక్కువ మాట్లాడాడు. మాటల మధ్య ఊపిరి తీసుకోవడం వినిపించింది. షహజాదీ ఆ మూడు నిమిషాలూ తనే మాట్లాడింది. వానలు రాకముందే పైన రేకులు మార్చాలని చెప్పింది. పక్కింటివాళ్లు గోడ జరుపుతున్నారని చెప్పింది. మున్నీని ఏ బడిలో వేయాలో అడిగింది. అతను "ఆ", "నీ ఇష్టం" అన్నాడు.

"రంజాన్‌కు వస్తరు కదా?"

గాలి చప్పుడు. గాలి చప్పుడు. ఆమె "హలో" అంది. మళ్లీ "హలో" అంది. "లైన్ పోయిందా అమ్మా?" అని అరుగు మీద నుంచి రాజేశ్వర్ రావు అడిగాడు. పోలేదు. సన్నగా అదే చప్పుడు వస్తూనే ఉంది.

"ఇన్‌షా అల్లా" అన్నాడు నయీముద్దీన్. తర్వాత, "మున్నీకి జర ఇయ్యి."

మున్నీ ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు అప్పజెప్పింది. పద్నాలుగు మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చింది. మధ్యలోనే టైము అయిపోయింది.

"వాడు రంజాన్‌కు వస్తలేడు" అంది సుల్తానా బేగం ఆ సాయంత్రం. షహజాదీ విననట్టు మిషను తొక్కింది.

వారం పది రోజులకు, పొద్దున వంట వేళ, మళ్లీ కేక వినిపించింది. ఆమె వెళ్లేసరికి రాజేశ్వర్ రావు రిసీవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటిలా నవ్వలేదు. "ఎవరో దోస్తట" అన్నాడు.

"భాభీ, నేను ఖాజాను."

"ఖాజాభాయ్, ఆయనేడి? ఎట్లున్నడు?"

అడిగింది. అడిగాక గాలి చప్పుడు మొదలైంది.

ఆ చప్పుడేమిటో షహజాదీకి ఇప్పుడు తెలుసు. తన ప్రశ్న పైకి వెళ్తోంది. వెళ్లి, దిగి, అక్కడ ఖాజా పాషా చెవిలో పడుతుంది. అతను జవాబు చెప్పేస్తాడు. చెప్పిన జవాబు అక్కడి నుంచి బయలుదేరి మీదికి పోయి, కిందికి దిగుతూ ఉంటుంది. జరగాల్సింది జరిగిపోయింది, చెప్పాల్సింది చెప్పడం కూడా అయిపోయింది, తన దాకా రావడమే మిగిలింది. రిసీవరు చెవి నుంచి తీసేస్తే వినక్కర్లేదు. తీయాలనుకుంది. చేయి కదల్లేదు.

"భాభీ, నయీమ్ లేడు."

అతన్ని అక్కడే ఖననం చేశారు. ఇక్కడికి తేవడం కుదరదని కంపెనీ వాళ్లు చెప్పారట. చార్‌బౌళిలో ఇంటి ముందు నేల మీద గోనె తట్టు పరిచి, నలభై రోజులూ వచ్చేవాళ్లు వచ్చారు, పోయేవాళ్లు పోయారు. ఎలా పోయాడంటే పని దగ్గర పడ్డాడని చెప్పుకున్నారు. పడ్డాడు, పోయాడు అని. నడుమ ఇంకేదో ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

అది ఆగస్టులో తెలిసింది. ఒప్పందం ముగిసి ఖాజా పాషా పరకాల వచ్చాడు. వచ్చిన నాలుగో రోజు నయీముద్దీన్ ట్రంకుపెట్టెను బస్సు మీద వేసుకుని వరంగల్ తెచ్చాడు. అందులో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, మున్నీ కోసం కొన్న ప్లాస్టిక్ బొమ్మ. ఖాజా పాషా ఎండకు మాడి సన్నబడి ఉన్నాడు. తల వంచుకుని కూర్చుని చాయ్ తాగకుండా పట్టుకున్నాడు.

"ఏ దినం పడ్డడు?" సుల్తానా బేగం అడిగింది.

"ఫిబ్రవరి ఆఖరుల, అమ్మీ."

షహజాదీ తలెత్తింది. "మార్చిల మాట్లాడిండు కదా! ఏప్రిల్‌ల గూడ మాట్లాడిండు."

"దవాఖానకెల్లి మాట్లాడిండు భాభీ. సెంట్రింగు చెక్క ఇరిగి నాలుగో అంతస్తుకెల్లి పడ్డడు. ఈపు బొక్క ఇరిగింది. నడుము కింద ఏం తెల్వకుండయింది. ఈపుకు పుండ్లు పడ్డయి, దాంతోనే జరమొచ్చి... అక్కడ ఒక మలయాళం నర్సమ్మ ఉండె. పాపం మంచిది. ఆమెనే ఫోన్ తీగ గుంజి మంచం దాకా తెచ్చేది. ఇంట్ల చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. మంచిగయినంక చెప్తనన్నడు."

సుల్తానా బేగం కోడలి వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. "పండుకోని మాట్లాడుతాండని చెప్పిన" అంది. అంతే. ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు. కానీ ఆ ఒక్కసారి అన్నది షహజాదీ చెవుల్లో నుంచి పోలేదు.

"నువ్వన్న చెప్పాలె కద ఖాజాభాయ్" అంది షహజాదీ.

"చెప్పి? ఏం చేసేదానివి భాభీ? ఇక్కడికెల్లి ఏం చేస్తవు?"

ఏమీ చేయగలిగేది కాదు. అది ఆమెకూ తెలుసు. పాస్‌పోర్టు లేదు, డబ్బు లేదు, తోడు లేదు. "ఏం చేయకపోదును" అంది చివరికి. "రేకుల గురించి మాట్లాడకపోదును."

ఖాజా పాషా అప్పుడు ఏడ్చాడు.

మర్నాడు షహజాదీ భారతి దగ్గరికి వెళ్లింది. భారతి డ్యూటీకి తయారై, జడ వేసుకుంటోంది. ఆమెను చూసి దువ్వెన పక్కన పెట్టింది.

"అక్కా, ఒకటి చెప్పు. ఆకాశం తీసుకునే టైము ఉన్నది కదా. అది ఒకపారి ఎక్కువ, ఒకపారి తక్కువ ఉంటదా?"

"ఉండదే. సాటిలైటు ఒక్క తాన్నే ఉంటది. దూరం మారదు. ఎప్పటికి గంతే."

"తిన్నరా అని అడిగినా గంతే. వస్తరా అని అడిగినా గంతే."

"గంతే." అప్పుడు భారతికి అర్థమైంది. మంచం మీద కూర్చుండిపోయింది.

"రంజాన్‌కు వస్తరా అంటే రెండుసార్లు హలో అన్ననక్కా నేను. మీ మామ లైన్ పోయిందా అని అడిగిండు. గంతసేపు ఆకాశానిది ఎట్లయితది? అర సెకనే కద దానిది. మిగిలిందంత ఆయనదే. మంచంల పడి, ఏం చెప్పాల్నో తెల్వక..." ఆమె ఆగింది. "నేను అన్ని తీస్కపోయి ఆకాశంల పడేసిన."

"నేను చెప్పకపోతే మంచిగుండు" అంది భారతి. కళ్లు నిండాయి. "నాదే తప్పు షహజాదీ."

"నువ్వు చెప్పింది అబద్ధం కాదక్కా. నువ్వు చెప్పినంక ఆయనతోని ఎన్ని నెలలు నవ్వుకుంట మాట్లాడిన. అది గూడ నిజమే కదా." చెంగుతో ముఖం తుడుచుకుంది. "తప్పు ఎవరిదని రాలే. లెక్క కరెక్టా కాదా అని అడుగుదామని వచ్చిన."

భారతి ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వెళ్లింది. అప్పటిదాకా ఇద్దరూ ఆ మంచం మీదే కూర్చున్నారు.

ఆ తర్వాత షహజాదీ ఆ ఇంటికి వెళ్లడం తగ్గించింది. కోపమేమీ లేదు. ఎదురుపడితే మాట్లాడుకునేవాళ్లు. కానీ రెండిళ్ల అవతల నుంచి ఫోన్ గంట వినిపించేది. పగలు కేసముద్రం నుంచి ధరల కోసం, సాయంత్రం ఇంకెవరో. ఆ గంట మోగినప్పుడల్లా సుల్తానా బేగం చేస్తున్న పని ఆపేది. వినపడని చెవి అటు తిప్పుకుని, గంట ఆగేదాకా అలాగే ఉండేది. ఒకసారి పొయ్యి మీద రొట్టె మాడి పొగలు వచ్చినా కదల్లేదు. షహజాదీ పెనం దించి చూస్తే, ముసలామె పెదవులు కదుపుతూ ఏదో గొణుగుతోంది. వంగి వింది. "ఎత్తకుర్రి, ఎత్తకుర్రి" అంటోంది.

దసరా సెలవుల తర్వాత షహజాదీకి హనుమకొండలో ఒక బట్టల దుకాణంలో కుట్టుపని దొరికింది. చార్‌బౌళి ఇల్లు వదిలేద్దామని అత్తకు చెప్పడానికి రెండు రోజులు సందేహించింది. అది నయీముద్దీన్ పుట్టిన ఇల్లు. కానీ చెప్పగానే సుల్తానా బేగం లేచి వెళ్లి గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది.

సామాను ఒక తోపుడుబండికి సరిపోయింది. కుట్టుమిషను, కువైట్ ట్రంకుపెట్టె, పరుపులు. ముసలామెనూ మున్నీనీ రిక్షాలో కూర్చోబెట్టారు. భారతి గేటు దగ్గర నిలబడి ఉంది. రిక్షా దగ్గరికి వచ్చి, మున్నీ చేతిలో బిస్కెట్ పాకెట్ పెట్టి, సుల్తానా బేగం పాదాలకు వంగబోయింది. ముసలామె పట్టుకుని ఆపింది.

"నీ మీద నాకేం లేదు బిడ్డా" అంది. "నువ్వు నా కోడలికి మంచే చేసినవ్. అల్లా నిన్ను సల్లగ చూడాలె." కాసేపు భారతి చేయి వదల్లేదు. తర్వాత, ఏదో సిగ్గుపడే సంగతి చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. "మమ్మల్ని చూడనీకి మాత్రం ఊకెనే రాకు. జర కొన్ని దినాలు పోనీ."

భారతి తల ఊపింది.

షహజాదీ బండి వెనక నడిచింది. హనుమకొండలో వాళ్లు తీసుకున్న గది చిన్నది. ముందు వెనక గాలి లేదు. నల్లా నీళ్లు కూడా గల్లీ చివరి దాకా వెళ్లి తెచ్చుకోవాలి. అంతకన్నా మంచి గది రెండు వీధుల అవతల ఖాళీగానే ఉంది. కానీ ఈ గల్లీలో ఎవరింట్లోనూ ఫోన్ లేదు. అది అడిగి తెలుసుకున్నాకే సుల్తానా బేగం ఇంటివాళ్లకు సరేనంది.